ఆరు నెలల్లో 3,800 లింక్డ్‌ఇన్ కనెక్షన్లు, వచ్చింది ఒక్క ఆర్డరు: ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఆటోనగర్_ఆర్గాన్ | శుక్రవారం, రాత్రి 10:50

అందరికీ నమస్తే. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో నాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు, నేను కాక ఐదుగురు కుర్రాళ్లు. అంతా స్టెయిన్‌లెస్ స్టీల్ పని, మెట్ల రెయిలింగుల దగ్గర్నుంచి ఫార్మా కంపెనీల పైపులైన్ల దాకా. పద్నాలుగేళ్లు నోటిమాట మీదే నడిచింది. కిందటేడు మాకు ఎక్కువ పని ఇచ్చే చోట మెయింటెనెన్స్ మేనేజర్ గారు ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయారు, కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడు, దాంతో మాకు సగం పని పోయింది.

మా మేనల్లుడు "మావయ్యా, ఇప్పుడంతా లింక్డ్‌ఇన్‌లోనే" అని అకౌంట్ తెరిచి పెట్టాడు. ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టా కూడా వాడే చేశాడు. రోజూ రాత్రి షెడ్డు మూశాక గంట కూర్చుని కనపడిన ప్రతివాడికీ రిక్వెస్ట్ పెట్టాను. 3,800 మంది అయ్యారు. పండగలకి శుభాకాంక్షలు, పొద్దున్నే మంచి మాటలు, పని ఫోటోలు అన్నీ పెడుతున్నాను. 9,000 పెట్టి ఫేస్‌బుక్‌లో బూస్ట్ (డబ్బు కట్టి పోస్టు ఎక్కువమందికి చూపించడం) కూడా చేశాను, లైకులు ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి గానీ గాజువాక వాడు ఒక్కడూ రాలేదు. మెసేజ్‌లు కుప్పలుగా వస్తాయి, అన్నీ "హాయ్ సార్" బాపతే, చూడటం మానేశాను. ఆరు నెలలకి వచ్చింది ఒక్క ఆర్డరు, అదీ మురళీనగర్‌లో ఒక బాల్కనీ రెయిలింగు.

ఇది మనలాంటి వాళ్లకి పనికొచ్చేదేనా, లేక నేను చేసేదే తప్పా? మొహమాటం లేకుండా చెప్పండి.

జగదాంబ_జంక్షన్ | శుక్రవారం, రాత్రి 11:04

3,800 మందికి శుభోదయం చెప్పి ఒక రెయిలింగు అమ్మారంటే గొప్పే గురూ. మా బావమరిది ఐదేళ్లుగా చెబుతున్నాడు, ఇంతవరకూ ఒక్క పాలసీ కట్టించలేదు.

రుషికొండ_హెచ్‌ఆర్ | శుక్రవారం, రాత్రి 11:31

మీరు పర్సనల్‌గా లింక్ పంపారు కదా, ఇప్పుడే చూశానండి. అడిగారు కాబట్టి నేరుగా చెబుతున్నా, ఏమీ అనుకోకండి.

మీ పేరు కింద "ఫౌండర్ అండ్ సీఈఓ, డ్రీమర్, అచీవర్" అని ఉంది. అది చూసి మీరు పైపు వెల్డింగ్ చేస్తారని ఎవరికి తెలుస్తుంది? అచ్యుతాపురంలో ఒక ప్లాంట్ ఇంజనీరుకి అర్ధరాత్రి లైను లీకైందనుకోండి, వెతుకుడు పెట్టెలో ఏం కొడతాడు? "ఎస్ఎస్ పైపింగ్", "ఆర్గాన్ వెల్డింగ్", "వైజాగ్". ఈ మూడు మాటలూ మీ ప్రొఫైల్‌లో ఎక్కడా లేవు. డ్రీమర్ తీసేసి అవి రాయండి. ఏ గ్రేడు పని చేస్తారు, ఎంత సైజు పైపు వరకూ, పరవాడకి ఎంతసేపట్లో రాగలరు, అదీ కావలసింది.

రెండోది ఆ 3,800 మంది. కాసేపు కిందికి జరుపుతూ పోయాను, క్రిప్టో వాళ్లు, లైఫ్ కోచ్‌లు, నోయిడాలో ఎవరో డిజిటల్ మార్కెటింగ్ కుర్రాళ్లు. మీ చుట్టుపక్కల ఫార్మా, కెమికల్, హోటల్ కిచెన్లు, డెయిరీలు, వీటిలో మెయింటెనెన్స్, ప్రాజెక్ట్స్, పర్చేజ్ చూసేవాళ్లు మొత్తం కలిపి కొన్ని వందల మంది ఉంటారేమో. మీకు కావలసింది వాళ్లే. రిక్వెస్ట్‌తో పాటు రెండు వాక్యాలు రాసి పంపండి, "ఫలానా చోట ఫలానా లైను పని చేశాను" అని. ఉచిత అకౌంట్‌లో అలా నోట్ పెట్టి పంపడానికి నెలకి పరిమితి ఉంది, అందుకని కనపడిన ప్రతివాడికీ కాకుండా మనిషిని చూసి వాడుకోండి.

స్టీలుప్లాంట్_రిటైర్డ్ | శనివారం, ఉదయం 5:48

బాబూ, నేను ముప్పై మూడేళ్లు ప్లాంటులో చేసి దిగాను. మా కాలంలో కాంట్రాక్టరుకి పని ఎలా దొరికేదో చెబుతాను. ఆఫీసరు ఇంటికి స్వీట్లు మోసేవాడికి కాదు, అది సినిమాల్లో. క్యాంటీన్ దగ్గర నిలబడి నలుగురితో మాట్లాడేవాడికి, ప్లాంటులో అవతలి విభాగంలో ఏ పంపు పాడైందో చెవిన పడినవాడికి దొరికేది. బాగా దగ్గరివాళ్లకి తెలిసిన సంగతి మనకీ ముందే తెలిసి ఉంటుంది, కొత్త కబురు వచ్చేది ఎప్పుడో ఒకసారి నమస్కారం పెట్టే మనిషి దగ్గర్నుంచి. ఫోన్‌లోనైనా అంతే అనుకుంటాను, నాకు వాట్సాప్ దాటి రాదు.

రుషికొండ_హెచ్‌ఆర్ | శనివారం, ఉదయం 8:15

గురువుగారూ, మీరు క్యాంటీన్ దగ్గర చూసిందే మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లో వ్యాసంగా రాశాడు, పలచటి పరిచయాల బలం గురించి. ఉద్యోగాల కబుర్లు దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువ వస్తాయని. దాన్నే లింక్డ్‌ఇన్ వాళ్లు 2 కోట్ల మందికి పైగా సభ్యుల మీద ఐదేళ్లు పరీక్షించి చూశారు, 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. తేలిందేమిటంటే మరీ దగ్గరివాళ్లూ కాదు, మరీ ముక్కూమొహం తెలియనివాళ్లూ కాదు, ఓ పదిమంది ఉమ్మడి పరిచయస్తులు ఉండేపాటి మనుషులు ఎక్కువ పనికొచ్చారు. అది ఉద్యోగాల సంగతే, ఆర్డర్ల గురించి కాదు. అయినా మన ఆర్గాన్ గారి నోయిడా కుర్రాళ్లు ఏ లెక్కలోకీ రారు.

లక్కబొమ్మల_అక్క | శనివారం, ఉదయం 11:20

నాది చిన్న వ్యాపారం, ఎంవీపీ కాలనీలో ఇంటి నుంచే. ఏటికొప్పాక బొమ్మలు తెచ్చి అమ్ముతాను, అంకుడు కర్ర మీద లక్క రంగులు వేసేవి, 2017లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది కదా, అవి. నా అనుభవం ఇది.

ఇన్‌స్టాలో ఒక రీల్ పెట్టాను, తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనించగానే ఆ వేడికి రంగు కరిగి పసుపు గీతలా చుట్టుకుంటూ పోతుంది, పైన మొగలాకుతో రాస్తే అద్దంలా మెరుస్తుంది, ఇరవై సెకన్ల వీడియో. 2 లక్షల మంది చూశారు. మా ఆయన కేకు కూడా కోయించాడు. ఆర్డర్లు ఎన్ని వచ్చాయో తెలుసా? పదకొండు. అందులో మూడు క్యాష్ ఆన్ డెలివరీ, ఇంటికి వెళ్తే తీసుకోకుండా తిప్పి పంపారు, రానూపోనూ కొరియర్ నాకే పడింది.

అదే వాట్సాప్ బిజినెస్‌లో నా పాత కస్టమర్లు ఓ మూడు వందల మంది ఉంటారు. కొత్త సరుకు రాగానే స్టేటస్ పెడితే సాయంత్రానికి సగం అయిపోతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒక చిక్కుంది, ఒక్కోదానికి 256 మందే, పైగా మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. అందుకని నేను ప్రతి పార్సిల్‌లో చిన్న చీటీ పెడతాను, "నంబరు సేవ్ చేసుకుంటే కొత్త బొమ్మలు ముందు మీకే చూపిస్తాను" అని. లేబుల్స్ కూడా వాడండి, డబ్బు రావలసినవాళ్లు ఒక రంగు, కొత్తవాళ్లు ఒక రంగు. ముందు నేను నోటుబుక్కులో రాసుకుని ఒకే ఆర్డరు రెండుసార్లు పంపిన రోజులున్నాయి.

అన్నట్టు ఎగ్జిబిషన్లకి తీసుకెళ్లడానికి మడిచిపెట్టుకునే స్టీలు స్టాండు ఒకటి కావాలి, మూడు అరలు, కారు డిక్కీలో పట్టాలి. ఇక్కడ ఎవరైనా చేసిస్తారా?

పెళ్లి_కెమెరా | శనివారం, మధ్యాహ్నం 2:37

అక్కా, మీకు పదకొండైనా వచ్చాయి. నేను ఆర్కే బీచ్, భీమిలి, తొట్లకొండ వైపు ప్రీవెడ్డింగ్ షూట్లు చేస్తాను. ఒకామె, చాలా ఫాలోవర్లున్న అమ్మాయే, పేరొద్దు, "కొలాబ్ చేద్దాం, నువ్వు షూట్ ఫ్రీగా చెయ్, నేను ట్యాగ్ చేస్తా" అంది. రుషికొండలో తెల్లవారి 5 నుంచి 9 దాకా, డ్రోన్, ఇద్దరు అసిస్టెంట్లు, టిఫిన్లు నాదే ఖర్చు. ట్యాగ్ చేసింది, నిజమే, స్టోరీలో, ఇరవై నాలుగు గంటలకి మాయం. నాకు వచ్చినవి అరవై ఫాలోవర్లు, ఎంక్వయిరీలు మూడు, ఆ మూడూ "మాకూ ఫ్రీగా చేస్తారా" అనే.

అప్పట్నుంచి డబ్బుకైనా సరుక్కైనా ఎవరితోనైనా ప్రచారం చేయించుకుంటే ముందే రాసుకుంటాను, పోస్టా స్టోరీనా, ఎన్నాళ్లు ఉంచాలి, అన్నీ. ఇంకో సంగతి, అలాంటి పోస్టు మీద అది ప్రకటన అని కనపడేలా రాయాలి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది, ఉచితంగా ఇచ్చిన సరుకూ ఆ లెక్కలోకే వస్తుంది. మన దగ్గర ఎంతమంది రాస్తున్నారో అడక్కండి.

నాకు పని వచ్చేది మాత్రం పెళ్లయ్యాక వాళ్ల చుట్టాలు గూగుల్‌లో రాసే రివ్యూల వల్ల. ఆల్బమ్ చేతికిచ్చే రోజు, వాళ్లు మురిసిపోయి ఉంటారు కదా, అప్పుడే ఫోన్ చేతికిచ్చి రాయించుకోవాలి. వారం ఆగితే ఇక రాయరు.

జీఎస్టీ_గురువు | శనివారం, రాత్రి 9:12

ఆర్గాన్ గారూ, ఆ 9,000 బూస్ట్ సంగతి. పేజీలో కనపడే నీలం బటన్ నొక్కి పంపేస్తే ఎవరికి వెళ్లాలో సరిగా చూసుకోం. యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్తే మ్యాప్ మీద మీ షెడ్డు దగ్గర గుండుసూది గుచ్చి చుట్టూ ఇన్ని కిలోమీటర్లని పెట్టొచ్చు, లైకులు కాకుండా మెసేజ్‌లు కావాలని కూడా ఎంచుకోవచ్చు. అయినా నా సలహా, ఫార్మా పైపింగ్‌కి ఫేస్‌బుక్ ప్రకటన దండగ. రెయిలింగులు, గేట్లకైతే పనికొస్తుంది, ఇల్లు కట్టుకునేవాడు అక్కడే ఉంటాడు.

ఇంకా ముఖ్యం, ఆ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే యాడ్ అకౌంట్‌లో మీ జీఎస్టీ నంబరు ఎక్కించండి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే అక్కడ కట్టిన పన్ను మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది. నా క్లయింట్లలో చాలామంది మేనల్లుడి కార్డుతో, మేనల్లుడి పేరుతో కట్టేసి ఏడాది చివర్లో స్క్రీన్‌షాట్లు పట్టుకుని వస్తారు.

ఆటోనగర్_ఆర్గాన్ | ఆదివారం, రాత్రి 10:22

మేనల్లుడి కార్డే సార్ 😀 ఎలా కనిపెట్టారో.

అందరికీ థాంక్స్. హెచ్‌ఆర్ మేడమ్ చెప్పినట్టు డ్రీమర్ తీసేశాను. లక్కబొమ్మల అక్కగారు చెప్పిన లేబుల్స్ సంగతి చాలా బాగుంది, ఇవాళే పెట్టాను. ఇప్పుడు ఏం పోస్టు చెయ్యాలి అన్నది ప్రశ్న. కిందటి నెల ఒక ప్లాంటులో చేసిన లైను ఫోటోలు ఉన్నాయి, చాలా బాగా వచ్చాయి, పెడదామా?

డాక్‌యార్డ్_రోడ్డు | ఆదివారం, రాత్రి 10:41

పెట్టకండి!! ముందు వాళ్లని అడగండి, రాతపూర్వకంగా.

నేను చేసిన తప్పే ఇది. ఒక ప్లాంటులో ట్యాంకు పక్కన నిలబడి కుర్రాళ్లతో సెల్ఫీ తీసి పెట్టాను, "మరో ప్రాజెక్టు విజయవంతం" అని. వెనకాల గోడ మీద వాళ్ల బ్యాచ్ బోర్డు, దాని మీద ఏం తయారవుతోందో అంతా కనపడుతోంది. నాకేం తెలుసు. మర్నాడు సేఫ్టీ ఆఫీసరు నుంచి ఫోన్, వెండర్ రిజిస్ట్రేషన్, అంటే వాళ్ల దగ్గర పని చేసే అనుమతి, నాలుగు నెలలు ఆపేశారు, బిల్లు కూడా.

మన ఊళ్లో ఇది ఇంకా జాగ్రత్తగా ఉండాల్సిన విషయం. 2019 డిసెంబర్ గుర్తుందా, ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేర్లతో వేసిన వలలో పడి సమాచారం ఇచ్చారని నేవీ సిబ్బందిని ఏడుగురిని అరెస్టు చేశారు, మన పోలీసులు ఆ ఆపరేషన్‌కి డాల్ఫిన్స్ నోస్ అనే పేరు పెట్టారు. ఆ నెలలోనే నేవీ తన స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లు, సిబ్బందికి ఫేస్‌బుక్ నిషేధించింది. డాక్‌యార్డ్ పని చేసేవాడు ఎవడూ "ఇవాళ ఫలానా ఓడ మీద ఉన్నాం" అని రాయకూడదు. నేను ఇప్పుడు ప్రొఫైల్‌లో "మెరైన్ ఫ్యాబ్రికేషన్" అనే రాస్తాను, ఇంకేం రాయను.

రుషికొండ_హెచ్‌ఆర్ | ఆదివారం, రాత్రి 11:05

అన్నగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. ప్లాంటులో కాదు, మీ షెడ్డులోనే తీయండి. తుక్కు ముక్క మీద వెల్డింగ్ చేస్తూ తీసినా చాలు. మీకు మామూలుగా అనిపించే విషయమే అవతలి ఇంజనీరుకి కావాలి. ఆర్గాన్ వెల్డింగ్‌లో మంచి పనికీ చెడ్డ పనికీ తేడా ఏమిటో నాకు చెప్పండి, నాలాంటి దానికి అర్థమయ్యేలా.

ఆటోనగర్_ఆర్గాన్ | ఆదివారం, రాత్రి 11:48

అదా మేడమ్, చాలా సింపుల్. ఫార్మాకి 316ఎల్ పైపు వాడతారు, అదో స్టెయిన్‌లెస్ స్టీల్ రకం. బయట అతుకు అందరూ అందంగానే వేస్తారు, చేపపొలుసుల్లా వరసగా. అసలు సంగతి లోపల. వెల్డింగ్ చేసేటప్పుడు పైపు రెండు చివర్లూ మూసి లోపల కూడా ఆర్గాన్ నింపాలి, దాన్ని పర్జింగ్ అంటాం, అప్పుడే లోపలి గాలి బయటికి పోతుంది. కొంతమంది గ్యాసు కలిసొస్తుందని అది మానేస్తారు. అలా చేస్తే లోపలి వైపు నల్లగా, మాడిన పంచదారలా గరుగ్గా పొంగుతుంది. ఆ గరుకులో మందు పట్టుకుంటుంది, కడిగినా పోదు, అక్కడే తుప్పు మొదలవుతుంది. బయట నుంచి చూస్తే ఏమీ తెలీదు, పైపు కోసి చూస్తేనే. నేను కొత్త కుర్రాడు వచ్చినప్పుడు రెండు ముక్కలూ చేయించి, నిలువునా కోసి, పక్కపక్కన పెట్టి వేలితో రాయమంటాను. ఒకసారి వేలు తగిలితే మళ్లీ పర్జింగ్ మానడు.

రుషికొండ_హెచ్‌ఆర్ | ఆదివారం, రాత్రి 11:53

ఇదే మీ పోస్టు. ఇలాగే, తెలుగులో మాట్లాడుతూ, ఆ రెండు ముక్కలూ చేత్తో పట్టుకుని. కింద రెండు లైన్లు ఇంగ్లీషులో రాయండి చాలు. ఇంక రేపు పొద్దున్న శుభోదయం పెట్టకండి, దండం పెడతాను.

బీటెక్_2024 | సోమవారం, మధ్యాహ్నం 1:16

పెద్దలకు నమస్కారం. నేను మెకానికల్, ఇంకా ఉద్యోగం లేదు. నాకు లింక్డ్‌ఇన్‌లో ఒక హెచ్‌ఆర్ మెసేజ్ పెట్టారు, సింగపూర్‌లో డేటా ఎంట్రీ, నెలకి 80 వేలు, టికెట్ వాళ్లే ఇస్తారట, ముందు వీసా ప్రాసెసింగ్‌కి 45 వేలు కట్టమంటున్నారు. ప్రొఫైల్‌కి 500 పైన కనెక్షన్లు ఉన్నాయి. నమ్మొచ్చా?

డాక్‌యార్డ్_రోడ్డు | సోమవారం, మధ్యాహ్నం 1:20

తమ్ముడూ ఒక్క రూపాయి కట్టకు. 2024లో మన విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు చదవలేదా? సరిగ్గా ఇదే మాట, డేటా ఎంట్రీ, విదేశం. అక్కడ దిగాక గదుల్లో పెట్టి మనవాళ్లకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. కనెక్షన్లదేముంది, పైన మన ఆర్గాన్ గారికి 3,800.

రుషికొండ_హెచ్‌ఆర్ | సోమవారం, మధ్యాహ్నం 1:44

బాబూ, ఆ ప్రొఫైల్ ఎప్పుడు మొదలెట్టారు, కంపెనీ మెయిల్ ఐడీ నుంచి రాస్తారా లేదా చూడు. అసలు నిజమైన హెచ్‌ఆర్ ఎవరూ నీ దగ్గర డబ్బు అడగరు, అదొక్కటి చాలు. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. నీ రెజ్యూమె నాకు పంపు, మెకానికల్‌కి పరవాడ వైపు ఏమైనా ఉంటే చెబుతాను, మాట మాత్రం ఇవ్వను.

బీటెక్_2024 | సోమవారం, మధ్యాహ్నం 1:50

కట్టలేదు మేడమ్. అమ్మ గాజులు తాకట్టు పెడదామంటోంది, అందుకే అడిగాను. పంపుతున్నాను.

ఆటోనగర్_ఆర్గాన్ | సోమవారం (తర్వాతి వారం), రాత్రి 9:35

మళ్లీ వచ్చాను. వీడియో పెట్టాను. 410 మంది చూశారు, అంతే. మేనల్లుడు నవ్వాడు. కానీ పైన చెప్పానే, హైదరాబాద్ వెళ్లిపోయిన మేనేజర్ గారు, ఆయన చూసి కింద "ఈయన పని నేను ఆరేళ్లు చూశాను" అని ఒక్క లైను రాశారు. దాన్ని చూసి అచ్యుతాపురం నుంచి ఒక ప్రాజెక్ట్స్ ఇంజనీరు మెసేజ్ పెట్టాడు, 40 మీటర్ల లైను, కొటేషన్ అడిగాడు. ఇంకా ఆర్డరు కాలేదు, ఇవాళే సైటు చూసి వచ్చాను. ఆ 3,800 లోంచి రోజుకి కొందర్ని తీసేస్తున్నాను, నోయిడా అయిపోయింది, గురుగ్రామ్‌లో ఉన్నాను.

ఒకటే బాధ, ఆ ఇంజనీరు మెసేజ్ పెట్టిన నాలుగు రోజులకి చూశాను. ఇంకెన్ని ఇలా పోయాయో. లోకల్‌గా మనల్ని అడిగేవాళ్లే లేరనుకున్నాను ఇన్నాళ్లూ.

రుషికొండ_హెచ్‌ఆర్ | సోమవారం, రాత్రి 9:52

సంతోషమండి. కానీ ఒక మాట. ఈ థ్రెడ్‌లోనే పైకి వెళ్లి లక్కబొమ్మల అక్క పోస్టు చివర రెండు లైన్లు చదవండి. తొమ్మిది రోజులైంది.

ఆటోనగర్_ఆర్గాన్ | సోమవారం, రాత్రి 10:01

అయ్యయ్యో. లేబుల్స్ వరకే చదివానమ్మా, సారీ. మడత స్టాండు కదా, రెండు రోజుల పని. కొలతలు చెప్పండి.

లక్కబొమ్మల_అక్క | సోమవారం, రాత్రి 10:19

పర్వాలేదు అన్నయ్యా, ఎగ్జిబిషన్ మొన్న శనివారమే అయిపోయింది, వేరే చోట చేయించేసుకున్నాను. 4,200 అయింది. ఒక కాలు ఊగుతోంది, పై అరలో బొమ్మలు ఒకసారి కింద పడ్డాయి కూడా. తెస్తే అతికిస్తారా?

ఆటోనగర్_ఆర్గాన్ | సోమవారం, రాత్రి 10:21

రేపు పొద్దున్న పది లోపు తెచ్చెయ్యండి, తర్వాత కరెంటు ఉండదు. లొకేషన్ ఇప్పుడే పంపుతున్నాను.